కారుకు కళాయి

ఉపేంద్ర కారు అడగడానికి వచ్చిన పూట వెంకట్రామయ్య గేదెకు చిట్టు కలుపుతున్నాడు. వచ్చిన మనిషిని రమ్మనలేదు, కూర్చోమనలేదు. మోచేతి దాకా చిట్టు అంటిన చేతిని కడుక్కోనూ లేదు. ఉపేంద్ర తనే అరుగు మీద దుమ్ము దులుపుకుని కూర్చున్నాడు. వెంట వచ్చిన దేవానందం ఫోను పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఉపేంద్ర ఇంట్లో పెళ్లయినా చావయినా మైకు పట్టేది దేవానందమే.

"బాబాయ్, ఆదివారం నాన్న సంవత్సరీకం," అన్నాడు ఉపేంద్ర. "మండల సెంటర్లో విగ్రహం పెడుతున్నాం. నీకు తెలిసే ఉంటది."

"తెలుసు."

"ఊరేగింపు మన ఊళ్లో బయల్దేరి సెంటరు దాకా పోద్ది. అందరికంటే ముందు నీ కారుండాల."

"నా కారెందుకురా? మీకు లేవా కార్లు?"

"ఉన్నయ్ మామా. వాటికి గీతల్లేవుగా," అని దేవానందం నవ్వాడు.

ఉపేంద్ర వాడి వంక ఒక చూపు చూసి, గొంతు తగ్గించాడు. "ఒకటే మాట బాబాయ్. కడగమాక, తుడవమాక. ఆ గీతలు ఎట్టా ఉన్నయ్యో అట్టానే ఉండాల. నాన్న మీద ఎంత దాడి జరిగిందో ఈనాటి పిల్లకాయలకు తెలియాలంటే అదొక్కటేగా మిగిలింది."

వెంకట్రామయ్య చిట్టు తట్టను గేదె ముందుకు తోశాడు. ఆ మాటకు అతనికి కోపం రాలేదు. కోపం పందొమ్మిదేళ్ల కిందట వచ్చింది. వచ్చింది వచ్చినట్టే ఉంది. కొత్తగా రావలసిన పని లేదు.

"కారు వస్తది," అన్నాడు. "నేనే తోలుకొస్తా. మీవాళ్లెవరూ దాని మీద చెయ్యి వెయ్యడానికి లేదు."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఉపేంద్ర అనుకోలేదు. సంతోషంతో లేచి చెయ్యి పట్టుకోబోయాడు. వెంకట్రామయ్య చిట్టు చెయ్యి చూపించాడు. ఉపేంద్ర ఆగిపోయి, రెండు చేతులూ తన ఛాతీ దగ్గరే జోడించుకుని వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ దేవానందం ఫోనులో ఫ్లెక్సీ బొమ్మ చూపించాడు. పన్నెండడుగుల ఫ్లెక్సీ. ఉపేంద్ర తండ్రి శేషగిరిరావు తెల్ల చొక్కాలో, అంబాసిడరు తలుపు మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు. తలుపు మీది గీతలకు ఎర్ర బాణాలు పెట్టారు, మూడు.

"బాణాలు నా ఐడియానే మామా," అన్నాడు దేవానందం.

ఆ బొమ్మ అంచున, శేషగిరిరావు భుజం పక్కన, ఒక మోచెయ్యి ఉంది. ఎవరిదో ఏమో అన్నట్టు, మోచెయ్యి ఒక్కటే. దాని మీద తువ్వాలు కొస వేలాడుతోంది. ఆ మోచెయ్యి వెంకట్రామయ్యది.

* * *

ఆ కారు తెల్ల అంబాసిడరు. గుంటూరు డాక్టరు ఒకాయన వాడి వదిలేస్తే వెంకట్రామయ్య కొన్నాడు. పెళ్లిళ్లకు, ఆస్పత్రులకు, కోటప్పకొండ తిరనాళ్లకు ఏళ్ల తరబడి బాడుగకు తిప్పాడు. డాక్టరు షోకులున్న మనిషి. తలుపుల నడుమ నుంచి బారుగా పోయే మెరుపు పట్టీలను కంపెనీవి తీయించి, రెండువైపులా ఇత్తడితో చేయించుకున్నాడు. ఇత్తడి మీద నికెల్ పోత, నికెల్ మీద క్రోమియం పోత. ఊళ్లో అందరూ దాన్ని నికెల్ అనే అంటారు. మెరిసేదేదయినా ఇక్కడ నికెలే.

ఎడమవైపు పట్టీ మీద, ముందు చక్రం మీది రెక్క దగ్గర మొదలై వెనక తలుపు దాకా మూడు గీతలున్నాయి. పైది సన్నం, నడిమిది లోతు, కిందిది తెగి తెగి వస్తుంది. అవి ట్రాక్టరు తొట్టి గొళ్లెం గీసిన గీతలు.

రెండు వేల ఆరు, తొలకరి పడిన వారం. నాగేంద్రమ్మ చేలో పత్తి గింజలు నాటుతుంటే రక్తపింజర కరిచింది. పక్క సాలులో ఉన్న జైనాబ్ బీ వేసిన కేక గట్టు మీదున్న వెంకట్రామయ్యకు వినిపించింది. భార్యను కారు వెనక సీట్లో పడుకోబెట్టి, తల జైనాబ్ బీ ఒళ్లో పెట్టించి, నరసరావుపేట ఆస్పత్రికి బయలుదేరాడు. మండల సెంటర్లో శేషగిరిరావు నామినేషన్ ఊరేగింపు అడ్డం వచ్చింది. ముందు జీపు, జీపు మీద శేషగిరిరావు, వెనక ఇరవై ట్రాక్టర్లు, డప్పులు, జెండాలు.

వెంకట్రామయ్య హారను కొట్టాడు. ఆపకుండా కొట్టాడు. హారను కొట్టేవాడు అవతలి పార్టీవాడని వాళ్లు అనుకున్నారు.

"ఏందిరా అంత తొందర? పామేమన్నా కరిచిందా?" అన్నాడు తొట్టిలో నిలబడ్డ ఒకడు.

"కరిచింది," అన్నాడు వెంకట్రామయ్య.

తొట్టిలో ఉన్నవాళ్లందరూ నవ్వారు.

కుడివైపు సందు చూసుకుని కారు దూర్చాడు. ట్రాక్టరువాడు కావాలనే తొట్టిని అటు తిప్పాడు. గొళ్లెం కారు ఎడమ పక్కంతా గీరుకుంటూ పోయింది. ఆ చప్పుడుకు జీపు మీదున్న శేషగిరిరావు వెనక్కి తిరిగాడు. వెంకట్రామయ్యను చూశాడు. బాగా తెలిసిన మనిషే. అరచెయ్యి పైకెత్తి చూపించాడు, ఆగమని. మళ్లీ ముందుకు తిరిగి జనానికి దండం పెట్టుకున్నాడు.

నలభై నిమిషాలు కారు అక్కడే ఇరుక్కుపోయింది. నాగేంద్రమ్మ సంతమాగులూరు అడ్డరోడ్డు దాటాక పోయింది.

పదకొండో రోజున శేషగిరిరావు పరామర్శకు వచ్చాడు. విలేకరిని వెంట తెచ్చుకున్నాడు. ఓట్లు పడడానికి ఇంకా వారం ఉంది. కారు దగ్గర నిలబడి, తలుపు మీద చెయ్యేసి, చానా ఘోరం జరిగిందన్నాడు. ఫోటో దిగాడు. పక్కన వెంకట్రామయ్య, వెనక గోడకు దండ వేసిన నాగేంద్రమ్మ పటం. రెండేళ్ల తర్వాత రెండు పార్టీలవాళ్లూ రాళ్లు వేసుకున్న గొడవలో అదే ఫోటో కరపత్రం మీదికి ఎక్కింది. పటం లేదు, వెంకట్రామయ్య లేడు. గీతలు పడ్డ కారూ, దాని పక్కన దాడి నుంచి బయటపడ్డ నాయకుడూ ఉన్నారు. అడగడానికి వెళ్తే శేషగిరిరావు ఇంట్లోనే ఉన్నాడు. "నీ కారుకు పేరొచ్చిందిగా రామయ్యా, నీకేం పోయింది," అన్నాడు.

ఆనాటి నుంచి వెంకట్రామయ్య ఆ ఇంటి గడప తొక్కలేదు. శేషగిరిరావు పోయినప్పుడు కూడా వెళ్లలేదు. కారు రంగు రెండుసార్లు వేయించాడు గానీ పట్టీని ముట్టుకోనివ్వలేదు. గీతలుంటే ఎవరో ఒకరు అడుగుతారని, అడిగితే చెప్పవచ్చని అనుకున్నాడు. మొదట్లో కొందరు అడిగారు. తర్వాత అడగడం మానేశారు. వాళ్లకు ఫ్లెక్సీలు ముందే చెప్పేశాయి. మొన్న వేసవిలో పోస్టాఫీసుకు కొత్తగా వచ్చిన సుభాషిణి కారు పక్కన నిలబడి ఫోటో దిగింది. "శేషగిరిరావు గారి కారు కదండీ, మా ఇంట్లో చూపిస్తాను," అంది. ఆ అమ్మాయి తప్పు కాదు. వెంకట్రామయ్య అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ రోజంతా అన్నం తినలేదు.

* * *

ఉపేంద్ర వెళ్లిన సాయంత్రమే వెంకట్రామయ్య పట్టీ దగ్గర కూర్చున్నాడు. పరోటా పొట్లం అల్యూమినియం కాగితాన్ని ఉండ చేసి, నీళ్లలో ముంచి రుద్దాడు. అక్కడక్కడా ఉన్న తుప్పు చుక్కలు పోయాయి. గీతలు పోలేదు. తుప్పు పోయేసరికి ఇంకా బాగా కనిపించాయి. పాలిష్ పేస్టు పెట్టి గుడ్డతో రుద్దాడు. రుద్దినకొద్దీ నడిమి గీత అంచుల్లో తెలుపు అరిగి పసుపు బయటపడింది.

మర్నాడు నరసరావుపేట వెళ్లి, బంపర్లకు పోత పోసే దుకాణంలో చూపించాడు. అక్కడి మనిషి కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. గీత మీద బొటనవేలి గోరు అడ్డంగా లాగాడు.

"గోరు దిగుతోంది పెద్దాయనా. గోరు దిగిందంటే పాలిష్‌తో పోదు. క్రోమియం వెంట్రుక మందం కూడా ఉండదు. అది తెగి, దాని కింద నికెల్ తెగి, ఇత్తడి తెగింది. అంతా ఊడదీసి మొదటి నుంచి పొయ్యాల. నెలాఖరుకు రా."

"ఆదివారానికి కావాల."

"ఆదివారం ఏముంది, పెళ్లా?"

"తద్దినం," అన్నాడు వెంకట్రామయ్య.

దుకాణం మనిషి నవ్వబోయి, అతని మొహం చూసి మానుకున్నాడు. కానీ తేదీ మార్చలేదు.

బుధవారం పొద్దున్నే వెంకట్రామయ్య నూర్ మొహమ్మద్ ఇంటికి వెళ్లాడు. నూర్ మొహమ్మద్ జైనాబ్ బీ భర్త. తాత కాలం నుంచీ వాళ్లది కళాయి పని. ఇత్తడి గిన్నెల లోపల తగరం పూత వేసి, పులుసు చిలుం పట్టకుండా చేసే పని. ఇళ్లల్లోకి స్టీలు వచ్చాక కళాయి అడిగేవాళ్లు పోయారు. ఇప్పుడతను కొత్త మేడల మెట్ల పక్కన వేసే స్టీలు గొట్టాలకు మెరుగు పెడతాడు. మెరుగు చక్రం కరెంటుది. తాతనాటి కొలిమి తిత్తి మాత్రం పాక చూరుకు వేలాడుతూనే ఉంటుంది.

వెంకట్రామయ్య చెప్పింది విని అతను కారు దగ్గరకు వచ్చి గొంతుకూర్చున్నాడు. పట్టీని వేళ్లతో కొట్టి, చప్పుడు విన్నాడు.

"క్రోమియం నా వల్ల కాదన్నా. దానికి కరెంటు తొట్లు కావాల, మందులు కావాల."

"తెలుసు. ఇంకేమవుద్దో చెప్పు."

నూర్ మొహమ్మద్ గీతలో కనిపిస్తున్న పసుపును గోటితో గీకి చూశాడు. తర్వాత అన్నాడు. "అడుగున ఇత్తడేగా. ఇత్తడి నాకు కొత్త కాదు. గీత పొయ్యేదాకా అరగదీసి, కళాయి పెడితే తెల్లగా వస్తది."

ఇంటి గుమ్మంలో బియ్యం చెరుగుతున్న జైనాబ్ బీ చేట ఆపింది. "కారుకు కళాయేంది? అదేమన్నా పులుసు గిన్నా?"

"క్రోమియం మెరుపు నీలంగా ఉంటది," అన్నాడు నూర్ మొహమ్మద్ ఆమెను పట్టించుకోకుండా. "మనది పాలమెరుపు. తేడా తెలుస్తది. పైగా వానకీ ఎండకీ నల్లబడద్ది. ఏడాది కంటే ఆగదు."

"ఏడాదికొకసారి వేద్దాం," అన్నాడు వెంకట్రామయ్య.

"గిన్నెలకు వేసినట్టు?"

"గిన్నెలకు వేసినట్టే."

జైనాబ్ బీ చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. కారు వెనక తలుపు దగ్గర నిలబడి, గీతల కొస మీద చెయ్యి పెట్టింది. ఆ తలుపు అవతలే ఆనాడు ఆమె కూర్చుంది.

"పందొమ్మిదేళ్లు దాచింది ఇప్పుడు చెరుపుకోడానికా అన్నా? ఆ పిల్ల చావుకు ఇదొక్కటే సాక్ష్యం."

"ఎవరి తరపున చెప్పిందమ్మా సాక్ష్యం? వాళ్ల తరపునేగా."

"అది దాని తప్పా?"

"తప్పని నేనన్లా. గీతకు నోరు లేదు. ఎవడి నోరు పెద్దదయితే వాడి మాట చెప్తంది. ఆదివారం దాన్ని జనంలోకి తీసకపోయి, వాడి నాయన తెగువకు గుర్తని మైకులో చెప్తారు. ఆమెను ఆపేసిన చోటనే. నేను కారు ఇవ్వకపోతే ఫ్లెక్సీ చూపించి చెప్తారు. ఇచ్చి, గీత లేకపోతే ఏం చెప్తారో చూస్తా."

"మరి మనమేం చూపిస్తాం?"

"నువ్వుండావుగా."

"నన్నెవరడిగారు? ఇన్నేళ్లలో ఒక్కళ్లడిగారా, జైనాబూ, ఆనాడు ఏం జరిగిందే అని? నువ్వు కూడా అడగలా."

వెంకట్రామయ్య గీతల వైపు తిరిగాడు. నిజమే, అడగలేదు. తను ముందు సీట్లో హారను మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. వెనక సీట్లో ఆ నలభై నిమిషాలు ఏం జరిగిందో అతనికి తెలియదు. నాగేంద్రమ్మ ఏమన్నా మాట్లాడిందేమో కూడా తెలియదు. తెలుసుకునే ధైర్యం అతనికి లేకపోయింది. దాన్ని కోపం అనుకుంటూ వచ్చాడు.

"ఆదివారం కార్లో రా," అన్నాడు చివరకు. "వెనక సీట్లో. నీ చోట్లోనే కూర్చో."

ఆమె చేట తీసుకుని లోపలికి వెళ్లి, ఒక గ్లాసు టీ తెచ్చి భర్తకిచ్చింది. రెండోది వెంకట్రామయ్యకిచ్చింది.

* * *

పట్టీ మూడు ముక్కలు. ముందు రెక్కది ఒకటి, తలుపులవి రెండు. లోపలి క్లిప్పులు విరక్కుండా ఊడదీయడానికి ఒక పూట పట్టింది. వాటిని పాకలోకి తెచ్చి, ప్లాస్టిక్ తొట్టిలో యాసిడ్ పోసి ముంచారు. క్రోమియం బుడబుడమని నురగెత్తి, నీళ్లు ఆకుపచ్చగా మారాయి. బయటకు తీసేసరికి మెరుపంతా పోయి, పట్టీ పొగచూరినట్టు మాసిపోయి ఉంది. కడిగి, మెరుగు చక్రం మీద పెడితే నికెల్ కూడా పోయి పచ్చటి ఇత్తడి బయటకు వచ్చింది. ఆ పచ్చదనంలో మూడు గీతలూ నల్లగా నిలబడ్డాయి.

నడిమి గీత లోతు మరీ ఎక్కువ. దాన్ని ఊరికే అరగదీస్తే పట్టీ చిల్లి పడుతుంది. నూర్ మొహమ్మద్ పట్టీని వేపచెక్క మీద బోర్లించి, వెనక నుంచి చిన్న సుత్తితో గీత పొడవునా తట్టుకుంటూ పోయాడు. గట్టిగా కొట్టలేదు. పది దెబ్బలకొకసారి తిప్పి, వేలితో తడిమి చూశాడు. పల్లం పైకి లేచాక ఆకురాయి పట్టాడు. తర్వాత గరుకు ఎమిరీ కాగితం, దాని తర్వాత సన్నది, ఆ తర్వాత నీళ్లలో ముంచి రుద్దే కాగితం.

గురువారం పొద్దుగూకే వేళకు ముందు ముక్క, నడిమి ముక్క అయిపోయాయి. వెనక తలుపుది మిగిలింది. గొళ్లెం అక్కడ ఆగి, గుచ్చుకుని, బయటకు వచ్చింది. గీతలు మూడూ కలిసి ఒక గుంట పడింది. ఆకురాయి పట్టబోతుంటే వెంకట్రామయ్య చెయ్యి చాపాడు.

"నాకియ్యి."

"చెయ్యి వణికితే అంచు పోద్దన్నా."

"వణకదు."

వణకలేదు. అరగంటసేపు ఆకురాయి లాగాడు. ఇత్తడి పొడి ఒళ్లో రాలింది. గుంట చిన్నదైంది, గింజంత అయింది, చుక్కయింది. చుక్క కూడా పోయాక వేలు పెట్టి చూశాడు. గోరు పెట్టి అడ్డంగా లాగాడు. గోరు ఎక్కడా ఆగలేదు. ఒళ్లో పొడిని దులపకుండా లేచి, పాక బయటకు వెళ్లి, చాలాసేపటికి లోపలికి వచ్చాడు. నూర్ మొహమ్మద్, జైనాబ్ బీ ఇద్దరూ అతని మొహం చూడలేదు.

శుక్రవారం దేవానందం కారు చూసిపోవడానికి వచ్చాడు. వెంకట్రామయ్య కారును ఎడమ పక్క గోడకు ఆనించి, పైన టార్పాలిన్ కప్పి ఉంచాడు.

"కవరు కప్పావేంది మామా?"

"దుమ్ము పడకుండా."

"కడగొద్దన్నాంగా, దుమ్ముంటే మంచిదే."

"ఇది కొత్త దుమ్మురా. మీక్కావలసింది పాత దుమ్ము. కొత్తది పడితే పాతది మరుగున పడదా?"

దేవానందం ఆ మాటను కాసేపు ఆలోచించి, నిజమేననుకున్నాడు. టార్పాలిన్ కొస ఎత్తి కుడివైపు పట్టీ చూశాడు. "గీతలేయి?"

"ఎడమ పక్క. గోడవైపు."

"ఒకసారి బయటికి తీస్తావా?"

"మీ బాణాలున్నయ్‌గా. వాటినే చూసుకో."

దేవానందం నవ్వి వెళ్లిపోయాడు. ముసలాడు దారిలోకి వచ్చాడని ఉపేంద్రకు ఫోను చేసి చెప్పాడు. ఆ మాట గేటు అవతల నుంచి వెంకట్రామయ్యకు వినిపించింది.

అదే పూట పాకలో తిత్తి కిందికి దిగింది. నూర్ మొహమ్మద్ బొగ్గులను బారుగా పరిచి నిప్పు చేశాడు. పట్టీ అంత పొడుగు గిన్నె ఏదీ ఉండదు కాబట్టి, జానా బెత్తెడు మేర కాచుకుంటూ పోవాలి. ఎక్కువ కాగితే వంకరపోతుంది, తక్కువ కాగితే తగరం అంటదు. జైనాబ్ బీ తిత్తి ఊదింది. కాగిన చోట నవసాగరం పొడి చల్లగానే తెల్లటి పొగ కళ్లలోకి కొట్టింది. పొగలోనే అతను తగరం కడ్డీ తాకించాడు. కడ్డీ కొస కరిగి బొట్టయింది. దూది ఉండతో ఒక్క లాగు లాగాడు. పచ్చటి ఇత్తడి మీద తెలుపు పరుచుకుంటూ పోయింది, పొంగిన పాలు అంచు దాటినట్టు.

"చూశావా," అంది జైనాబ్ బీ దగ్గుతూ. "ఇరవై ఏళ్లయినా చెయ్యి మరవలా, ముసలాడికి."

"ఊదు, ఊదు," అన్నాడు నూర్ మొహమ్మద్. "చల్లారిపోద్ది."

* * *

ఆదివారం డప్పులు మొదలయ్యాకే వెంకట్రామయ్య కారు తీశాడు. నేరుగా వెళ్లి ఊరేగింపుకు ముందు నిలబెట్టాడు. పక్క సీట్లో నూర్ మొహమ్మద్, వెనక సీట్లో జైనాబ్ బీ. ఉతికిన చీర కట్టుకుని, కొంగు తల మీదుగా కప్పుకుని, ఎడమ కిటికీ పక్కన కూర్చుంది. ఉపేంద్ర వెనక జీపు మీద ఉన్నాడు. అతనికి కారు వీపే కనిపిస్తుంది. ఇద్దరు కుర్రాళ్లు దండ తెచ్చి బానెట్టుకు కట్టారు. పట్టీని చూశారు. మెరుస్తోందనుకున్నారు. గీతలు లేవని వాళ్లకు తట్టలేదు. గీతలున్న కారని వాళ్లకు చిన్నప్పటి నుంచి తెలుసు మరి.

మండల సెంటర్లో జనం బాగానే ఉన్నారు. షామియానా కింద కుర్చీలు వేశారు. దాని పక్కన పన్నెండడుగుల ఫ్లెక్సీ, మూడు ఎర్ర బాణాలు. నడుమ విగ్రహం. గుడ్డను పెద్దవాళ్లు అప్పటికే లాగేశారు. శేషగిరిరావు కుడిచెయ్యి పైకెత్తి ఉన్నాడు, అరచెయ్యి జనం వైపుకు. శిల్పి దీవెన అనుకుని చేసి ఉంటాడు. వెంకట్రామయ్యకు ఆ అరచెయ్యి బాగా తెలుసు. దాన్ని చూస్తూనే కారును తిప్పి, ఎడమ పక్క జనానికి కనిపించేలా ఫ్లెక్సీ కింద ఆపాడు. ఇంజను కట్టేసి, తాళం చెవి జేబులో వేసుకుని, దిగి నిలబడ్డాడు.

దేవానందం వేదిక మీద మైకు పట్టుకుని ఉన్నాడు. కాగితం చూసి చదువుతున్నాడు. "అటు ఫ్లెక్సీ చూడండి. ఆ బాణం గుర్తులు చూడండి. ఆ మహానాయకుడి మీద జరిగిన దాడికి ప్రత్యక్ష సాక్షిగా నిలిచిన ఆ కారే ఇప్పుడు మీ ముందుకొచ్చింది. ఆ గీతలు చూడండి. ఆ గీతలు..."

కాగితం మీంచి తలెత్తి కారును చూశాడు. మైకులో శ్వాస వినిపించింది.

పట్టీ ఎండలో పాలమెరుపు మెరుస్తోంది. ముందు రెక్క నుంచి వెనక తలుపు దాకా ఒక్క గీత లేదు.

"ఎక్కడ్రా గీతలు?" అన్నాడు ముందు వరుసలో ఒక ముసలాయన.

"బాణాలు గురి తప్పినయ్ తాతా," అన్నారెవరో. నాలుగైదు చోట్ల నవ్వులు లేచాయి.

ఉపేంద్ర జీపు దిగి వచ్చాడు. మొహంలో నవ్వు ఉంచుకునే వచ్చాడు, జనం చూస్తున్నారని. దగ్గరకు వచ్చాక గొంతు అణిచి అడిగాడు. "ఏం చేశావు బాబాయ్?"

"కళాయి వేయించా."

"ఏంది?"

"కళాయి. గిన్నెలకు వేస్తారు చూడు."

"ముట్టుకోవద్దని చెప్పాగా."

"మీరు ముట్టుకోవద్దని నేను చెప్పా. గీతలు నావి. నేను తీయించుకున్నా."

"నాన్న సంవత్సరీకం రోజున ఇట్టా చేస్తావా? నీకేం అన్యాయం చేశాడు ఆయన?"

వెంకట్రామయ్య అతని మొహంలోకి చూశాడు. ఉపేంద్ర నిజంగానే అడుగుతున్నాడు. అతనికి తెలియదు. ఆనాడు ఇరవై ఏళ్లవాడు, హైదరాబాదులో చదువుకునేవాడు. అతనూ ఫ్లెక్సీ చూసే నేర్చుకున్నాడు. అయినా వెంకట్రామయ్యకు జాలి కలగలేదు. తెలుసుకోవాలంటే తెలుసుకోగలిగినంత దూరంలోనే పందొమ్మిదేళ్లు ఉన్నాడు.

జనం కారు చుట్టూ మూగారు. పోస్టాఫీసు సుభాషిణి వంగి, పట్టీ మీద వేలు ఆనించి చూసింది. ఆ అమ్మాయి ఫోనులో వేసవిలో తీసిన ఫోటో ఉంది. ఫోటోనూ కారునూ మార్చి మార్చి చూసింది.

"మొన్నటిదాకా ఉన్నాయి కదండీ," అంది. "అసలు ఆ గీతలు ఎట్లా పడ్డాయి?"

గీతలున్నన్నాళ్లూ ఆ మాట అడగనివాళ్లు చాలామంది అక్కడ ఉన్నారు. ఇప్పుడు వాళ్లు కూడా వెంకట్రామయ్య నోరు చూస్తున్నారు. అతను వెనక తలుపు పిడి తిప్పి, తెరిచి పట్టుకున్నాడు.

"ఈమెనడగండమ్మా. నేను ముందు సీట్లో ఉన్నా. వెనక ఏం జరిగిందో ఈమెకే తెలుసు. నేను కూడా వినాల."

జైనాబ్ బీ వెంటనే దిగలేదు. కొంగు సర్దుకుంది. ఖాళీగా ఉన్న పక్క సీటు మీద ఒకసారి చెయ్యి వేసి, అప్పుడు దిగింది. ఫ్లెక్సీ వంక చూసి, ఆ బొమ్మ అంచును వేలితో చూపించింది.

"ముందు ఆ మోచెయ్యి ఎవరిదో చూడండి," అంది. "ఆ తువ్వాలు కూడా చూడండి. అది ఈయనది. ఈయన పెళ్లాం పదకొండో రోజున తీసిన ఫోటో అది. గోడ మీద ఆమె పటం కూడా ఉండాల. కోసేశారు."

ముందు వరుసలో ముసలాయన లేచి ఫ్లెక్సీ దగ్గరకు నడిచాడు. మోచేతిని చూసి, వెనక్కి తిరిగి వెంకట్రామయ్య మోచేతిని చూశాడు. దేవానందం మైకులో ఏదో పాట పెట్టమన్నాడు. పాట వచ్చింది. కానీ జైనాబ్ బీ పొలాల్లో గట్టు మీంచి గట్టు మీదికి మాట్లాడి పెరిగిన మనిషి. గొంతు పెంచింది. పాట పెట్టినవాడే దగ్గరకు వచ్చి వినాలని కాబోలు, కాసేపటికి దాన్ని తగ్గించాడు.

"తొలకరి పడిన వారం," అని మొదలుపెట్టింది. "పత్తి గింజలు పెడుతున్నాం. నాగేంద్రమ్మ నా పక్క సాలులో ఉంది. ఆ రోజు కొత్త గాజులేసుకొచ్చిందని నేను ఎగతాళి చేస్తన్నా..."

ఆ గాజుల సంగతి వెంకట్రామయ్యకు తెలియదు. కారు రెక్కను ఆనుకుని నిలబడి విన్నాడు.

ఉపేంద్ర చుట్టూ చూశాడు. ఒక్కరూ కుర్చీల వైపు వెళ్లడం లేదు. వెంకట్రామయ్య పక్కకు వచ్చి చెవి దగ్గర అన్నాడు. "బాబాయ్, నీకు దండం పెడతా. కారు పక్కకు తియ్యి. పూలదండలు వెయ్యాల, పెద్దవాళ్లు వచ్చి ఉన్నారు, ఆలస్యమైపోతంది."

వెంకట్రామయ్య అతనివైపు తిరగలేదు. కుడిచెయ్యి పైకెత్తి, అరచెయ్యి చూపించాడు.

"ఆగు," అన్నాడు.

జైనాబ్ బీ ఇంకా పాము దగ్గరే ఉంది. మండల సెంటరు దాకా రావడానికి చాలా సేపు పడుతుంది.